మొండి ఊచలు

పార్కు ప్రహరీ మీద చెయ్యి ఆనించి నడిస్తే
జానెడుకొకటి చొప్పున
ఇనప మొలకలు వేళ్ళకి తగులుతాయి.
కోసేసిన ఊచల మొదళ్ళు.
ఎనభై ఏళ్ళు దాటినా ఒక్క చివురూ వెయ్యలేదు.

"యుద్ధానికని పట్టుకుపోయారు" అంటాడు ఆర్థర్ ఆర్మరాడ్.
"విమానాలు చేస్తామన్నారు.
చేశారో, ఏ నదిలో పారబోశారో!
నాకప్పుడు ఆరేళ్ళు.
ఆ రాత్రి నుంచీ పార్కుకి తాళం లేదు.
మా అమ్మ అరిచినా ఇంటికి పోలేదు నేను."
ఇప్పుడాయనకి తొంభై.
బౌల్స్ బంతి దొర్లించడానికి వంగాడంటే
లేచేసరికి
అవతల బ్యాండు వాళ్ళు ఒక పాట ముగిస్తారు.

నాది రాత్రి డ్యూటీ, కొండ మీది వృద్ధుల హోములో.
పొద్దున్నే కళ్ళల్లో ఇసకతో
ఫ్లాస్కు అడుగున మిగిలిన టీతో
బస్సు కోసం ఆగకుండా పార్కుకి అడ్డం పడతాను.
అడ్డదారని పేరే గానీ
ఇల్లు చేరేసరికి గంట దాటుతుంది.

బాతులకి రొట్టె వెయ్యొద్దని బోర్డు.
ఆ బోర్డు కిందే నిలబడి
రొట్టె తుంచి వేస్తుంటుంది జుబైదా ఖాలా.
కాపలా కుర్రాడు వస్తే
"నాకు ఇంగ్లీషు రాదు బాబూ" అంటుంది.
ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి బళ్ళో
ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి.
ఆ కుర్రాడికీ చెప్పింది.

ఎండ కాసిన రోజు చూడాలి.
ఊరు ఊరంతా చొక్కాలు విప్పి
పచ్చిక మీద ఒడియాల్లా పరుచుకుంటుంది.
సాయంత్రానికి అందరూ ఎర్రగా వేగి
వెనిగర్ చల్లిన చిప్స్ పొట్లాలతో ఇళ్ళకి మళ్ళుతారు.
మిగతా రోజులు జల్లే.
జల్లులోనూ ఐస్‌క్రీం బండి గంట కొడుతుంది,
గొడుగులు వరసలో నిలబడతాయి.

చెరువు గట్టున ఒక రాతి పలక.
పద్దెనిమిది వందల అరవై మూడు.
అమెరికాలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటుంటే
పత్తి ఓడలు రాక
ఇక్కడ లాంకషైర్‌లో మిల్లు గొట్టాలు చల్లారాయి.
పని పోయిన నేతగాళ్ళ చేతికి పారలిచ్చి
తవ్వమన్నారు. తవ్వినవాడికే రొట్టె.
తెగిన పోగుని చీకట్లోనైనా ముడేసే వేళ్ళు
బొబ్బలెక్కాయట.
పలక మీద స్థలమిచ్చిన మిల్లు యజమాని పేరుంది,
రిబ్బను కత్తిరించిన మేయరు పేరుంది.
తవ్వినవాళ్ళ దాకా వచ్చేసరికి
రాయి చాలలేదు కాబోలు.

మా నాన్నది చీరాల.
మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే
నడుం పైన మనిషే కనిపించేవాడు.
నేతగాడికి గొయ్యి కొత్త కాదులే, అనుకున్నాను
ఆ పలక మొదటిసారి చదివినప్పుడు.
అంతలో బాతులు రొట్టె కోసం చుట్టూ మూగాయి,
అనుకున్నది మర్చిపోయాను.

ఆదివారం బ్యాండు.
ఎనిమిది మంది వాయిస్తే ఆరుగురం వింటాం,
అందులో ఒకటి కుక్క.
ట్రాంబోన్ అబ్బాయి ఒకచోట తప్పుతాడు,
ప్రతి వారం అక్కడే.
ఇప్పుడా తప్పు కోసమే కాచుక్కూర్చుంటాను.

చలికాలం ఈ ఊళ్ళో ఒక పద్ధతుంది.
దారిలో ఎవరిదైనా చేతి తొడుగు దొరికితే
తీసి మొండి ఊచకి తొడుగుతారు.
గోడ పొడవునా చేతులు:
ఎర్రవి, చుక్కలవి, వేలు చిరిగినవి,
అరచెయ్యి ఇంకా రూపాయంత కాని పసిదానివి.

డిసెంబరులో నా ఎడమచేతిది పోయింది.
జేబులో చెయ్యి దోపుకుని మూడు రోజులు తిరిగాను.
నాలుగో పొద్దున
గేటు పక్కన రెండో ఊచకి ఉంది.
మంచుకి బిర్రబిగిసి, అయిదు వేళ్ళూ నిక్కబొడుచుకుని,
బస్సు ఆపమన్నట్టు.

తొడుక్కున్నాను, తడి తడిగానే.
అరచేతి లోపల
బఠాణీగింజంత తుప్పు మరక.
ఒకసారి ఉతికాను, పోలేదు.
మళ్ళీ ఉతకలేదు.